మీ మాట అందరి చెవినా ఒకేసారి పడాలి: వడ్డీ రేట్లు నిర్ణయించే కమిటీలకు ఒక బహిరంగ లేఖ

దేశదేశాల కేంద్ర బ్యాంకుల్లో ద్రవ్య విధాన కమిటీల సభ్యులందరికీ నమస్కారం.

మీలో ఎవరితోనూ నాకు పరిచయం లేదు. మీరు మాట్లాడే వేళలు మాత్రం కంఠతా వచ్చు. అమెరికా ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) ప్రకటన వాషింగ్టన్ సమయం ప్రకారం మధ్యాహ్నం 2 గంటలకు వస్తుంది, 2:30కి ఛైర్మన్ విలేకరుల ముందుకు వస్తారు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ నిర్ణయం ఫ్రాంక్‌ఫర్ట్ సమయం ప్రకారం 2:15కి, ప్రెస్ కాన్ఫరెన్స్ 2:45కి. అమెరికా ఉద్యోగాల లెక్క చాలా నెలల్లో మొదటి శుక్రవారం ఉదయం 8:30కి. పన్నెండేళ్లుగా నా నిద్ర, నా భోజనం, ఇంట్లో వాళ్లతో కూర్చునే కాసేపు, అన్నీ ఈ గంటల చుట్టూనే సర్దుకున్నాయి. నేను కరెన్సీలు కొని అమ్మే చిన్న ట్రేడర్‌ని.

ఎంత చిన్న అంటే, బాసెల్‌లోని బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ మూడేళ్లకోసారి తీసే లెక్క ప్రకారం 2025 ఏప్రిల్‌లో రోజుకి సగటున 9.6 లక్షల కోట్ల డాలర్ల విలువైన కరెన్సీ చేతులు మారింది. అందులో నా వాటా ఏ భూతద్దానికీ కనపడదు. నన్ను పక్కన పెట్టినా, మీ మాట వల్ల కదిలే ధరను కట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. పరాయి దేశంలో కష్టపడి ఇంటికి డబ్బు పంపేవాళ్లు, పిల్లల చదువుకి ఇంకో దేశపు కరెన్సీలో ఫీజు కట్టాల్సినవాళ్లు, వచ్చే నెల బిల్లు కట్టాల్సిన చిన్న దిగుమతిదారులు. వాళ్లెవరూ స్క్రీన్ ముందు కూర్చోరు. మీరు ఏం మాట్లాడారో కూడా వాళ్లకి తెలియదు. వాళ్లు కట్టే మొత్తం మాత్రం మారిపోతుంది.

నేను అడిగేది ఒక్కటే. మీ మాట అందరికీ ఒకే క్షణంలో, ఒకే అర్థంతో చేరాలి. వినడానికి చిన్న కోరికలాగే ఉంటుంది. ఇన్నేళ్లలో ఇది ఎన్నిసార్లు తప్పిందో చూశాక ఈ లేఖ రాయక తప్పలేదు.

కొత్తగా మార్కెట్‌లోకి వచ్చిన వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "వడ్డీ పెంచితే కరెన్సీ పెరగాలి కదా, మరి ఈ రోజు పడిపోయిందేమిటి?" జవాబు మీకు తెలిసిందే. కరెన్సీ ధరలో ఈ రోజు వడ్డీ ఒక్కటే ఉండదు, రేపటి వడ్డీ గురించిన అంచనా కూడా కలిసిపోయి ఉంటుంది. పావు శాతం పెంచుతారని మార్కెట్ నెల రోజులుగా అనుకుంటుంటే, ఆ పావు శాతం ఎప్పుడో ధరలోకి ఎక్కేసింది. మీరు సరిగ్గా అంతే పెంచితే కదలడానికి ఏమీ మిగలదు. అసలు కదలిక వచ్చేది ఆ తర్వాత మీరు చెప్పే రెండు వాక్యాల వల్ల. ఉద్యోగాల లెక్క అయినా, ద్రవ్యోల్బణం అంకె అయినా ఇదే తీరు. అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న తేడాకే ధర స్పందిస్తుంది. ఆ తేడాను కూడా మార్కెట్ ఒకే కోణంలో చూస్తుంది: "దీన్ని చూసి కేంద్ర బ్యాంకు ఏం చేస్తుంది?" అంటే ఆర్థిక వార్తలన్నీ తిరిగి తిరిగి మీ బల్ల దగ్గరికే వస్తాయి.

2015 మార్చి 18 నాకు బాగా గుర్తు. వడ్డీ పెంచడానికి తొందరపడం, సహనంతో ఉంటాం అన్న అర్థంలో ఒక మాటను ఫెడ్ అంతకు ముందు డిసెంబరు నుంచి తన ప్రకటనలో వాడుతోంది. ఆ మాట తీసేస్తారని అందరూ ఎదురుచూశారు. తీసేస్తే వడ్డీ పెంపు దగ్గరపడినట్టు, డాలర్ పెరగాలి. తీసేశారు. డాలర్ పడింది. మామూలుగా కాదు, 1.06 డాలర్ల దగ్గర ఉన్న యూరో ఆ రోజు కాసేపట్లోనే 1.10 దాటింది. కారణం అదే రోజు వచ్చిన ఇంకో కాగితం. కమిటీ సభ్యులు ఒక్కొక్కరు వడ్డీ ఎక్కడుంటుందని అనుకుంటున్నారో చుక్కలుగా చూపించే పట్టికలో, ఆ ఏడాది చివరి మధ్యస్థ అంచనా 1.125 శాతం నుంచి 0.625 శాతానికి దిగింది. మాట ఒకవైపు లాగింది, చుక్కలు ఇంకోవైపు లాగాయి. ఆ మాట తీసేసినంత మాత్రాన మాకు తొందర ఉందని కాదు అని అప్పటి ఛైర్‌పర్సన్ జానెట్ యెల్లెన్ అరగంట తర్వాత వివరించారు. నా అభ్యంతరమల్లా ఆ అరగంట గురించే. ఆమె చెప్పింది చాలా స్పష్టంగా ఉంది. అదే వివరణ ప్రకటనలోనే ఒక వాక్యంగా ఉండి ఉంటే?

ఇప్పుడు ఆ అరగంట కూడా ఎక్కువే. పాత ప్రకటననీ కొత్త ప్రకటననీ పక్కపక్కన పెట్టి ఏ పదం పోయింది, ఏది వచ్చింది అని క్షణంలో చూసే ప్రోగ్రాములు పెద్ద సంస్థల దగ్గర ఉన్నాయి. మనిషి మొదటి పేరా చదివేలోపు ఆర్డర్లు వెళ్లిపోతాయి. ప్రకటన రావడానికి కొన్ని సెకన్ల ముందే స్ప్రెడ్, అంటే కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య దూరం, విప్పారుతుంది. ఎందుకంటే ధర ఇచ్చేవాళ్లు కూడా భయపడి వెనక్కి తగ్గుతారు. ఆ కాసేపు మార్కెట్ చాలా పలచగా ఉంటుంది. ఆ వేగంతో నేను పోటీ పడలేను, పడాలని కూడా లేదు. వేగం వాళ్లు డబ్బు పెట్టి కొనుక్కున్నది. కాగితం బయటికొచ్చే క్షణం మాత్రం ఎవరికీ ముందూ వెనకా కాకూడదు.

ఇక్కడే నాకు బాధ కలిగించిన సంగతులున్నాయి. 2015 మే 18 సాయంత్రం లండన్‌లో, తలుపులు మూసిన ఒక కార్యక్రమంలో, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ కార్యనిర్వాహక బోర్డు సభ్యుడు బెన్వా కురే మాట్లాడారు. విన్నవాళ్లలో హెడ్జ్ ఫండ్ల వాళ్లూ, అంటే సంపన్నుల డబ్బుతో పెద్ద ఎత్తున ట్రేడ్ చేసేవాళ్లూ ఉన్నారు. వేసవిలో మార్కెట్ మందగిస్తుంది కాబట్టి మే, జూన్ నెలల్లోనే బాండ్ల కొనుగోళ్లు కొంత పెంచుతామని ఆయన చెప్పారు. కేంద్ర బ్యాంకు బాండ్లు ఎక్కువ కొంటే మార్కెట్‌లోకి యూరోలు ఎక్కువ వస్తాయి, యూరో బలహీనపడుతుంది. ఆ ప్రసంగం బ్యాంకు వెబ్‌సైట్‌లోకి వచ్చింది మర్నాడు ఉదయం. అది రాగానే యూరో పడింది. అంతర్గతంగా జరిగిన పొరపాటు వల్ల ఆలస్యమైందని బ్యాంకు చెప్పింది. పొరపాటే అని నమ్ముతాను. కానీ ఆ రాత్రి ఆ గదిలో ఉన్నవాళ్లకి తెలిసింది, బయట యూరో పట్టుకుని నిద్రపోయినవాళ్లకి తెలియలేదు. ఆ తర్వాత ఆ బ్యాంకు తన సభ్యులు బయటివాళ్లతో ఎలా మాట్లాడాలో నియమాలు రాసుకుంది, వాళ్లు ఎవరెవరిని కలుస్తున్నారో తెలిపే డైరీలు బయటపెట్టడం మొదలుపెట్టింది. ఇది మంచి పని. ఇప్పటికీ డైరీలు బయటపెట్టని కేంద్ర బ్యాంకుల్లో మీది ఒకటైతే, ఈ పేరా మీకోసమే.

నాలుగేళ్ల తర్వాత 2019 డిసెంబరులో ఇంకో సంగతి బయటపడింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రెస్ కాన్ఫరెన్స్ వీడియో అందరికీ వెళ్తుంది. వీడియో ఆగిపోతే పనికొస్తుందని విడిగా ఒక ఆడియో లైను పెట్టారు. ఆ ఆడియో వీడియోకన్నా కొన్ని సెకన్ల ముందు చేరేది. ఆ లైను బయటి సరఫరాదారు ఒకరి చేతుల్లో దుర్వినియోగమై, వేగంగా ట్రేడ్ చేసేవాళ్లకి వెళ్లిందని బ్యాంకే ఒప్పుకుని, దాన్ని ఆపేసింది. కొన్ని సెకన్లే కదా అనకండి. గవర్నర్ నోటి నుంచి వచ్చే వాక్యం మిగతా ప్రపంచానికి ఇంకా వినపడక ముందే కొందరు దాని మీద కొన్నారు, అమ్మారు. అటువైపు ఆ లావాదేవీల్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మా లాంటివాళ్లు.

పెదవి దాటితే పృథివి దాటుతుందని మన పెద్దవాళ్లు అనేవారు. పృథివి దాటడం మంచిదే, కావలసిందే. దారిలో ఒకరిద్దరి ఇళ్ల దగ్గర ఆగి వెళ్తేనే సమస్య.

సమావేశానికి ముందు కొన్ని రోజులు మీరు మౌనం పాటిస్తారు. ఈ నియమం నాకు ఎంతో ఇష్టం. దాన్ని ఎంత గట్టిగా కాపాడుకోవాలో చెప్పడానికి 2022 జూన్ చాలు. మే నెలలో అప్పటి ఫెడ్ ఛైర్మన్ జెరోమ్ పావెల్, ముప్పావు శాతం పెంపు గురించి కమిటీ ప్రస్తుతం ఆలోచించడం లేదని చెప్పారు. జూన్ 10న ద్రవ్యోల్బణం 8.6 శాతం అని తేలింది, 1981 తర్వాత అంత ఎక్కువ లేదు. అప్పటికే మౌనం మొదలైంది. జూన్ 13న ఒక పెద్ద పత్రిక, ముప్పావు శాతం పెంపు పరిశీలనలోకి రావచ్చని రాసింది. గంటల్లో మార్కెట్ అంచనా మొత్తం మారిపోయింది. 15న ఫెడ్ సరిగ్గా ముప్పావు శాతమే పెంచింది, 1994 తర్వాత అంత పెద్ద పెంపు అదే మొదటిది. పత్రికకి ఎవరో చెప్పారని నేను ఆరోపించడం లేదు. మంచి విలేకరి అంకెలు చూసి సొంతంగా ఊహించి ఉండవచ్చు. కానీ ఆ రెండు రోజులు ప్రపంచంలోని ట్రేడర్లందరూ ఒక పత్రిక కథనాన్ని మీ అధికారిక ప్రకటనలాగా చదివారు. మౌనం వేళలో అంత పెద్ద అంకె వచ్చి మీ ఆలోచన మారితే, ఆ సంగతి మీ సొంత వెబ్‌సైట్‌లో, మీ సంతకంతో, ఒక నాలుగు లైన్లలో చెప్పే దారి ఒకటి ఉండాలి. మౌనం అంటే ఇంకెవరో మీ తరఫున మాట్లాడటం కాకూడదు.

తప్పు జరిగినప్పుడు తేల్చడానికి ఎంత కాలం పడుతుందో కూడా చూడండి. ఫెడ్ ప్రాంతీయ బ్యాంకుల్లో ఒకటైన రిచ్‌మండ్ ఫెడ్ అధ్యక్షుడు జెఫ్రీ లాకర్ 2012లో కమిటీ లోపలి సంగతుల గురించి ఒక విశ్లేషణ సంస్థ వాళ్లతో మాట్లాడిన సంభాషణ విషయంలో రాజీనామా చేసింది 2017 ఏప్రిల్‌లో. నాలుగున్నరేళ్లు. అప్పటికి ఆ ట్రేడ్లు, ఆ నష్టాలు అన్నీ పాత లెక్కలైపోయాయి.

అంకెలు విడుదల చేసే సంస్థలు మీ కింద ఉండవని తెలుసు. కానీ మీ నిర్ణయాలు నిలబడేది వాళ్ల అంకెల మీదే కాబట్టి ఇది కూడా మీకే చెప్తున్నాను. 2024 ఆగస్టు 21న అమెరికా కార్మిక గణాంకాల సంస్థ, ఏడాది ఉద్యోగాల లెక్కను ప్రాథమికంగా 8,18,000 తగ్గించింది. ఉదయం 10 గంటలకి రావలసిన ఆ అంకె వెబ్‌సైట్‌లో అరగంటకి పైగా రాలేదు. ఈలోపు ఫోన్ చేసి అడిగిన కొన్ని ఆర్థిక సంస్థలకి మాత్రం అంకె చెప్పేశారు. ఫెడ్ సెప్టెంబరులో వడ్డీ ఎంత తగ్గిస్తుందా అని ప్రపంచమంతా లెక్కలు వేసుకుంటున్న రోజులవి. నేను ఆ అరగంట పేజీని రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను. ఫోన్ చేయవచ్చన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

టోక్యోలో ఉన్న సభ్యులకి ఒక ప్రత్యేక విన్నపం. బ్యాంక్ ఆఫ్ జపాన్ నిర్ణయానికి నిర్ణీత సమయం లేదు. సమావేశం ముగిశాక, మధ్యాహ్నం ప్రాంతంలో ఎప్పుడైనా రావచ్చు. దానివల్ల ఏం జరుగుతుందో మీకు తెలియాలి. మేం గడియారాన్ని చదవడం మొదలుపెడతాం. త్వరగా వస్తే మార్పు లేదని, ఆలస్యమైతే లోపల ఏదో వాదన నడుస్తోందని. నిర్ణయం రాకముందే ఆలస్యం మీదే యెన్ కదులుతుంది. అంటే మీరు మాట్లాడకుండా కూర్చున్న నిమిషాలు కూడా ధర మారుస్తున్నాయి. 2022 డిసెంబరు 20న మీరు పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడికి, అంటే దాని మీద వచ్చే వడ్డీకి, పెట్టుకున్న హద్దును 0.25 శాతం నుంచి 0.5 శాతానికి సడలించినప్పుడు మార్కెట్‌లో దాదాపు ఎవరూ ఊహించలేదు. 137 యెన్లున్న డాలర్ ఆ రోజే 133 కిందకి పడింది. అలాంటి నిర్ణయాన్ని ముందే చెప్పలేరు, అది అర్థం చేసుకోగలను. గంట చెప్పగలరు కదా.

ఇక నా సొంత గాయం. చెప్పకుండా ఉంటే ఈ లేఖ నిజాయితీగా ఉండదు.

2011 సెప్టెంబరు 6న స్విస్ నేషనల్ బ్యాంక్, యూరో విలువను 1.20 ఫ్రాంకుల కిందకి పోనివ్వమని, అందుకోసం ఎంత విదేశీ కరెన్సీ అయినా కొంటామని ప్రకటించింది. మూడేళ్లకి పైగా ఆ మాట నిలబడింది. నేను ఈ మార్కెట్‌లోకి వచ్చిన కొత్తలో, అనుభవం ఉన్నవాళ్లందరూ ఇదే చెప్పేవాళ్లు: 1.20కి కాస్త పైన యూరో కొనండి, కింద కేంద్ర బ్యాంకు కాపలా ఉంది. నేనూ కొన్నాను. 2015 జనవరి మొదట్లో ధర ఆ గీతకి అతుక్కుపోయి ఉంది. కొంచెం టెన్షన్ పడ్డాను. అప్పుడే ఆ బ్యాంకు ఉపాధ్యక్షుడు ఒక ఇంటర్వ్యూలో, ఈ కనీస ధర మా విధానానికి మూలస్తంభంగా ఉండి తీరాలని చెప్పారు. ధైర్యం వచ్చింది. స్టాప్ లాస్‌ను, అంటే ధర అక్కడికి పడితే అమ్మేయమనే ఆర్డర్‌ను, 1.20కి కొద్దిగా కింద పెట్టుకుని, లివరేజ్, అంటే బ్రోకర్ దగ్గర అప్పు మీద నా డబ్బుకి ఎన్నో రెట్లు ట్రేడ్ చేయడం, కూడా తగ్గించకుండా ఉండిపోయాను.

మూడు రోజుల తర్వాత, జనవరి 15న, జ్యూరిక్ సమయం ఉదయం 10:30కి ఆ కనీస ధరను ఎత్తేశారు. వడ్డీని మైనస్ 0.75 శాతానికి దించారు. కొన్ని నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కిందకి పడింది. స్టాప్ లాస్ అంటే ఆ ధరకి అమ్ముతామన్న హామీ అనుకునేవాణ్ని. కాదు, ఆ ధర తగిలాక దొరికిన ధరకి అమ్మడం. ఆ నిమిషాల్లో మధ్యలో కొనేవాడే లేడు. నా ఆర్డర్ ఒకటికి దగ్గరలో ఎక్కడో అమలైంది. ఖాతాలో ఉన్నదంతా పోయింది, పైన నేనే బ్రోకర్‌కి బాకీ పడ్డాను. బ్రోకర్ నుంచి వచ్చిన మెయిల్‌లో మైనస్ గుర్తు పక్కన ఉన్న అంకెను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇంట్లో చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ రోజు బ్రోకర్ సంస్థలే కూలిపోయాయి, నాది ఎంత.

నష్టం నాది. అంత లివరేజ్ తీసుకోమని నాకు ఏ కేంద్ర బ్యాంకూ చెప్పలేదు. చిన్న ఖాతాల సంగతి అసలు ఎలా ఉంటుందో యూరోపియన్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా 2018లో చెప్పింది. ఇలా అప్పు మీద ధరల తేడాతో ట్రేడ్ చేసే చిన్న ఖాతాల్లో 74 నుంచి 89 శాతం దాకా నష్టపోతాయని తేల్చి, ప్రధాన కరెన్సీ జతల మీద లివరేజ్‌ను 30 రెట్లకి పరిమితం చేసింది. ఆ పరిమితి 2015లో ఉండి ఉంటే నేను ఇంత పోగొట్టుకునేవాణ్ని కాదు.

పదేళ్లుగా దీని గురించి ఆలోచిస్తూ ఉన్నాను. అలాంటి హద్దు ఎత్తేసే రోజును ముందే చెప్పడం కుదరదని నాకు అర్థమైంది. చెప్పిన మరుక్షణం ప్రపంచమంతా అటువైపు నుంచి ఫ్రాంకులు కొంటుంది, హద్దు ఆ రోజే కూలిపోతుంది. 1992 సెప్టెంబరు 16న బ్రిటన్ పౌండును కాపాడటానికి ఒకే రోజులో వడ్డీని 10 నుంచి 12 శాతానికి పెంచి, 15 చేస్తామని కూడా ప్రకటించి, సాయంత్రానికి యూరోపియన్ మారకం వ్యవస్థ నుంచి బయటికి రావలసి వచ్చింది. మార్కెట్‌కి అనుమానం వచ్చాక ఆపడం ఎంత కష్టమో అప్పుడే తేలింది. కాబట్టి హఠాత్తుగా చేయడాన్ని నేను తప్పుపట్టను. మూడు రోజుల ముందు మూలస్తంభం అన్న మాటనే తప్పుపడతాను. "దీని గురించి కొత్తగా చెప్పేది లేదు" అంటే చాలేది. చెప్పలేనిది ఉన్నప్పుడు చెప్పకుండా ఉండే హక్కు మీకు ఉంది. అభయం ఇచ్చే హక్కు అప్పుడు లేదు.

మాటకీ షరతుకీ తేడా గురించి ఆస్ట్రేలియా రిజర్వ్ బ్యాంక్ అనుభవం మీరందరూ దగ్గర పెట్టుకోవాలి. కోవిడ్ కాలంలో వడ్డీ 0.10 శాతం దగ్గర ఉంది. ద్రవ్యోల్బణం లక్ష్యంలో నిలకడగా కుదురుకునేదాకా పెంచబోమని, అది 2024 కంటే ముందు జరుగుతుందని అనుకోవడం లేదని ఆ బ్యాంకు చెప్తూ వచ్చింది. జాగ్రత్తగా చదివితే అది షరతు. జనం విన్నది మాత్రం "2024 దాకా పెంచరు" అని. 2022 మే నుంచే పెంచాల్సి వచ్చింది. ఆ మాట నమ్మి ఇళ్ల అప్పులు తీసుకున్నవాళ్లకి గవర్నర్ ఫిలిప్ లో అదే ఏడాది నవంబరులో సెనేట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగిన రోజది. మీ స్థానంలో ఉన్నవాళ్ల నోట క్షమించండి అన్న మాట నేను చాలా అరుదుగా విన్నాను. అయినా ఆ క్షమాపణతో ఎవరి వాయిదా తగ్గలేదు. ఏడాది పేరు ఎత్తకుండా, ఏ అంకె ఎంతకి వస్తే ఏం చేస్తారో చెప్పి ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మీలో ఒకరి విషయంలో అది అక్షరాలా నిజమైంది. 2012 జులై 26న లండన్‌లో అప్పటి యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ అధ్యక్షుడు మారియో ద్రాగి, యూరోను కాపాడటానికి మా పరిధిలో ఏది అవసరమైతే అది చేస్తామని, అది సరిపోతుందని అన్నారు. సెప్టెంబరులో దానికోసం బాండ్లు కొనే పథకం ఒకటి ప్రకటించారు. ఆ పథకం కింద ఒక్క బాండు కూడా కొనాల్సిన అవసరం రాలేదు. మాటే పని చేసింది. అందరూ ఒకేసారి విన్నారు, అందరికీ ఒకే అర్థం తెలిసింది.

దానికి పది నెలల తర్వాత అప్పటి ఫెడ్ ఛైర్మన్ బెన్ బెర్నాంకీ విషయంలో జరిగింది వేరు. 2013 మే 22న, బాండ్ల కొనుగోళ్లు వచ్చే కొన్ని సమావేశాల్లో తగ్గించవచ్చని ఆయన చట్టసభ సభ్యులకి జవాబు చెప్పారు. డాలర్ల రాక తగ్గుతుందన్న భయంతో ఆ వేసవి అంతా బ్రెజిల్, ఇండియా, ఇండోనేషియా, టర్కీ, దక్షిణాఫ్రికా కరెన్సీలు పడుతూనే ఉన్నాయి. సెప్టెంబరులో తగ్గిస్తారని మార్కెట్ నమ్మింది, తగ్గించలేదు. తగ్గింపు ప్రకటించింది డిసెంబరులో. పని మొదలవడానికి ఏడు నెలల ముందే మాట దాని ధర వసూలు చేసేసింది, అదీ అమెరికాతో ఏ ఓటు సంబంధమూ లేని దేశాల నుంచి. వేటి మీద ఆధారపడి, ఏ వేగంతో తగ్గిస్తారన్నది మొదటి రోజే చెప్పి ఉంటే కనీసం సగం కుదుపు తగ్గేదని నా అభిప్రాయం.

ఒకరి వార్త ఇంకొకరి నిర్ణయంతో ఎలా ముడిపడుతుందో 2024 ఆగస్టు చూపించింది. ఏళ్ల తరబడి యెన్ మీద వడ్డీ దాదాపు సున్నా. అక్కడ చవగ్గా అప్పు తీసుకుని, ఎక్కువ వడ్డీ వచ్చే కరెన్సీల్లో పెట్టడం ప్రపంచమంతా చేసింది. క్యారీ ట్రేడ్ అంటే అదే. జులై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీని 0.25 శాతానికి పెంచింది, ఇంకా పెంచే ఉద్దేశం ఉందన్న స్వరంతో. ఆగస్టు 2న అమెరికా ఉద్యోగాల లెక్క బలహీనంగా వచ్చింది, నిరుద్యోగం 4.3 శాతం. ఫెడ్ ఇక వడ్డీ తగ్గిస్తుందని మార్కెట్ లెక్కేసింది. ఒకవైపు అప్పు ఖరీదవుతోంది, ఇంకోవైపు రాబడి తగ్గుతోంది. అందరూ ఒకేసారి అప్పు తీర్చడానికి యెన్ కొనడం మొదలుపెట్టారు. జులై మొదట్లో 162కి దగ్గరగా వెళ్లిన డాలర్, ఆగస్టు 5 నాటికి 142 యెన్ల దాకా దిగింది. ఆ రోజు జపాన్ షేర్ల సూచీ నిక్కీ 12.4 శాతం పడింది, 1987 తర్వాత అంత పతనం ఎప్పుడూ లేదు. 7న బ్యాంక్ ఆఫ్ జపాన్ డిప్యూటీ గవర్నర్ షినిచి ఉచిదా, మార్కెట్లు అస్థిరంగా ఉన్నప్పుడు వడ్డీ పెంచబోమని చెప్పారు. యెన్ బలం వెంటనే తగ్గింది.

ఆ మాట చెప్పినందుకు నాకు సంతోషమే. నా ప్రశ్న వారం ముందు గురించి. మార్కెట్ అస్థిరంగా ఉంటే ఆగుతామన్నది మీ ఆలోచనలో ముందు నుంచీ ఉన్న షరతే అయితే, జులై 31న పెంపు ప్రకటించిన కాగితంలోనే అది ఎందుకు లేదు?

మీరు మారలేరని నేను అనుకోను. 1994 ఫిబ్రవరికి ముందు ఫెడ్ తన వడ్డీ నిర్ణయాన్ని సమావేశం అయ్యాక ప్రకటించేదే కాదు. న్యూయార్క్‌లో దాని డెస్క్ మార్కెట్‌లో ఏం కొంటోంది, ఏం అమ్ముతోంది అని చూసి, అనుభవం ఉన్న బ్యాంకుల వాళ్లు ఊహించుకునేవారు. మిగతావాళ్లకి ఆ తర్వాత ఎప్పుడో తెలిసేది. ఆ రోజుల్లో ఎవరైనా, నిర్ణయం అందరికీ ఒకే గంటకి చెప్పండి అంటే, రహస్యం ఉంటేనే విధానం పని చేస్తుందని జవాబు వచ్చి ఉండేది. ఇప్పుడు 2 గంటలకి చెప్తున్నారు, విధానం పని చేస్తూనే ఉంది. ప్రెస్ కాన్ఫరెన్స్ కూడా 2011లో మొదలై, 2019 నుంచి ప్రతి సమావేశం తర్వాతా జరుగుతోంది.

కాబట్టి ఇంకొంచెం ముందుకు రమ్మంటున్నాను. నిర్ణయం ఏ గంటకి వస్తుందో ఏడాది క్యాలెండర్‌లో తేదీ పక్కనే వేయండి, ఆ గంట తప్పకండి. తలుపులు మూసిన గదుల్లో మాట్లాడాల్సి వస్తే, మీరు నోరు తెరిచే నిమిషానికే ఆ ప్రసంగం వెబ్‌సైట్‌లో ఉండనివ్వండి. ఉండదనుకుంటే వడ్డీ గురించి ఆ గదిలో ఎత్తకండి. ప్రకటనలో ఒక పదం మార్చినప్పుడు ఎందుకు మార్చారో కిందనే ఒక వాక్యం రాయండి, కొత్తగా వచ్చిన ట్రేడర్‌కీ, ఇంటికి డబ్బు పంపే మనిషికీ అర్థమయ్యే భాషలో. కరెన్సీకి హద్దు పెట్టుకున్నవాళ్లు, ఆ హద్దు ఏ పరిస్థితుల్లో ఉండదో పెట్టిన రోజే చెప్పండి. తేదీ అడగడం లేదు. మీ ఆడియో, వీడియో, వెబ్‌సైట్ అన్నీ ఒకే క్షణంలో అందరికీ చేరుతున్నాయా అన్నది బయటి తనిఖీదారుతో ఏడాదికోసారి పరీక్షించి, ఫలితం బయట పెట్టండి.

ఇందులో ఏదీ మీ స్వతంత్రతకి అడ్డు రాదు. వడ్డీ ఎంత ఉండాలో నేను చెప్పను, చెప్పే జ్ఞానం నాకు లేదు. మీ నిర్ణయం నాకు నష్టం తెచ్చినా సరే. అందరితో పాటు విని నష్టపోతే దాన్ని నేను మోయగలను.

మీలో ప్రతి బ్యాంకూ వచ్చే ఏడాది సమావేశాల తేదీలు త్వరలో ప్రకటిస్తుంది. ఆ పట్టిక కోసం ఎదురుచూస్తున్నాను. తేదీల పక్కన గంట ఉందా లేదా అని మొదట చూస్తాను.

ఇట్లు,
ఒక చిన్న కరెన్సీ ట్రేడర్